గిన్నె కింద పచ్చిరాయి

ఏమయ్యా, బస్టాండు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న పెద్దమనిషీ, నిన్నే! పోయినవారం నా కథ చదివి “ఈ త్రికోటేశ్వరరావు ఈసారి దొరికిపోతాడు చూడు” అని పక్కాయనతో పందెం కాశావట. సరే, కళ్ళజోడు తుడుచుకో. నువ్వు నవ్వకమ్మా పక్కనున్న అమ్మాయీ, ముందు చివర చదివేసి ఆనక మొదటికొచ్చే రకం నువ్వు. ఇవాళ ఆ పని చేస్తే ఎవరు ఎవర్ని మోసం చేశారో నీ తాత దిగొచ్చినా తెలియదు.

మతిమరుపు వాళ్ళ కోసం ఒక్కసారి ఎక్కడున్నామో చెబుతాను. మా అన్న కూతురు హిమజ ఫిజియోథెరపీ చదివింది. మోకాళ్ళు అరిగినవాళ్ళను, పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్ళను, బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నవాళ్ళను మళ్ళీ నడిపించే చదువు. గుంటూరులో ఉద్యోగం మానేసి నరసరావుపేటలో సొంతంగా పెట్టుకుందామని జానకిరామయ్య శెట్టి గారి పాత పత్తి గోడౌను మాట్లాడుకుంది. ఎక్కడానికి మెట్లు లేవు, ఆసుపత్రుల వీధికి దగ్గర, ఆటో నేరుగా గుమ్మం దాకా వస్తుంది. ఊరంతా గాలించినా అలాంటి హాలు ఇంకోటి దొరకలేదు.

ఒక్కటే తంటా, నేల. అన్నీ మన నాపరాళ్ళు. పత్తి బోరేలు ఈడ్చీ ఈడ్చీ నున్నగా అరిగిపోయాయి. చుక్క తడి తగిలితే సబ్బుబిళ్ళే. ఊతకర్రల మీద వచ్చేవాడు దాని మీద అడుగేస్తే బాగున్న కాలు కూడా పోతుంది. అందుకే దాని మీద వినైల్ పలకలు పరిపిద్దామంది హిమజ. చూపుకు టేకు చెక్క, పాదానికి మెత్తన, తడిలో కూడా జారదు.

పలకలు పరిచే మోయిన్ వచ్చాడు. నాపరాళ్ళ మీద ఒక ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగంచులకూ టేపు అంటించి పోయాడు. మర్నాడు చూస్తే కాగితానికి లోపలి వైపు చెమట పట్టింది. నేలలో చెమ్మ ఉంటే గమ్ము పట్టదు, పలకల అంచులు లేస్తాయి, లేచిన అంచుకు ఊతకర్ర తగులుతుంది. అది ఎప్పుడో కడిగిన నీళ్ళ తడి అయితే ఆరిపోతుంది, భూమిలోంచి ఊరే చెమ్మ అయితే ఎప్పటికీ ఆరదు. “కొన్నాళ్ళు ఆగి ఇంకో పరీక్ష చేద్దాం. అప్పుడూ చెమ్మ కనపడితే నేను పరవను” అని తేల్చేశాడు మోయిన్. శెట్టిగారేమో, శుక్రవారం పొద్దుటికల్లా అవునో కాదో చెప్పమన్నారు. సెల్‌ఫోన్ల షాపు వాళ్ళు ఆ హాలు కోసం కాచుక్కూర్చున్నారు.

ఆ రెండో పరీక్ష నేను చేస్తానన్నాను.

నాకు చదువు అబ్బలేదు గానీ సున్నం అబ్బింది. బడి ఎగ్గొట్టి పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర లారీలెక్కి పెరిగినవాణ్ణి. మా బట్టీల దగ్గర ఒక పద్ధతి ఉండేది. సున్నం నిలవచేసే గదిలో నేల పొడిదో కాదో చూడాలంటే, బట్టీలో కాలిన సున్నపు ముక్కను నేల మీద పెట్టి పైన గిన్నె బోర్లించేవాళ్ళం. నేల చెమ్మగా ఉంటే తెల్లారేసరికి ముక్క పగిలి పిండైపోతుంది. పొడిగా ఉంటే ముక్క ముక్కలాగే ఉంటుంది. బట్టీలో పడని పచ్చిరాయి అయితే మాత్రం, బావిలో పడేసి మనవడి పెళ్ళికి తీసినా పిండి కాదు.

మరి గురువారం సాయంత్రం అందరి ముందూ నేను గిన్నె కింద పెట్టిందేమిటి? పచ్చిరాయి! తెల్లగా కనపడేట్టు కాస్త ముస్తాబు చేసి మరీ పెట్టాను. హాలు మా పిల్లకు దక్కాలి, అంతే. చెమ్మ సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకున్నాను.

ఇప్పుడు శుక్రవారం పొద్దున.

నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. గెలవబోయేవాడు నలిగిన చొక్కాతో ఉంటే బాగుండదు. హిమజ తాళం తీసి, గుత్తి చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుంది. మోయిన్ పొడుగాటి అల్యూమినియం పట్టీని రాళ్ళ మీద ఆనించి, చెంప నేలకు తాకేలా వంగి, దాని కింద వెలుతురు ఎక్కడ దూరుతుందా అని చూస్తున్నాడు. వెలుతురు దూరిన చోట పల్లమున్నట్టు. అక్కడ సుద్దముక్కతో గుండ్రం చుడుతున్నాడు.

“ఏందిరా మోయినూ, నేలతో గుసగుసలాడతన్నావు? సయీదాకి తెలిస్తే ఊరుకుంటదా?” అన్నాను.

“మా ఇంటామె సంగతి నీకెందుకు గానీ బాబాయ్, నీ గిన్నె సంగతి చూడు. ఇయ్యాల అది ఔనంటేనే ఈ పల్లాలు పూడ్చేది. లేకపోతే ఈ సుద్ద గీతలు కూడా దండగే.”

జానకిరామయ్య శెట్టి గారు పక్కనే ఉన్న తమ ఇంటి మేడ మీంచి స్టీలు గ్లాసుతో కాఫీ పట్టుకుని దిగారు. చొక్కా జేబులో సెల్లు సగం బయటికి తొంగిచూస్తోంది.

“ఏమయ్యా త్రికోటీ, తేలుద్దా ఇయ్యాల?”

“మీరు ఆ కాఫీ ఊదుకునేలోపు తేల్తది శెట్టిగారూ.”

“తేలాల. సెల్లుల షాపాయన పొద్దున్నే ఫోన్ చేశాడు. అమ్మాయికి మాటిచ్చా, ఇయ్యాల పొద్దున దాకా ఆగుతానని. ఆగా. ఇంక ఆగమంటే నా వల్ల కాదు.”

హిమజ హాలు నడుమ ఒకచోట చూస్తూ నిలబడింది. అక్కడే రెండు పొడుగాటి స్టీలు కడ్డీలు బిగిస్తుందట. నడక మర్చిపోయినవాళ్ళు రెండు చేతులతో వాటిని పట్టుకుని మొదటి అడుగు వేస్తారట. ఆ కడ్డీల గురించి చెప్పేటప్పుడు దాని ముఖం చూడాలి మీరు. బంగారు గాజుల గురించి కూడా ఆడపిల్లలు అలా చెప్పరు.

నేను చేతులు పైకి మడిచి గిన్నె ముందు కూర్చున్నాను. గారడీవాడు పెట్టె ముందు కూర్చున్నట్టు.

“బాబులూ, అమ్మలూ! ఈ గిన్నె కింద ఉన్నది ఆషామాషీ రాయి కాదు. పిడుగురాళ్ళ బట్టీలో నిప్పుల స్నానం చేసొచ్చిన రాయి. దానికి మొహమాటం లేదు. శెట్టిగారని గౌరవం లేదు, హిమజమ్మని ముద్దు లేదు. నేలలో చెమ్మ ఉంటే పగుల్తది, లేకపోతే పగలదు. సున్నం అబద్ధమాడదు. చూసుకోండి!”

గిన్నె ఎత్తాను.

కింద పిండి.

తెల్లటి పిండి, చిన్న కుప్పగా, చక్కగా. రాయి ఆనవాలు కూడా లేదు.

 నేను పెట్టింది పచ్చిరాయి! అది పిండి కావాలంటే క్రషర్‌లో వేసి ఆడించాలి. గిన్నెను తిప్పి లోపల చూశాను. మళ్ళీ నేల చూశాను. మళ్ళీ గిన్నె చూశాను. రాయి ఏమైనా గిన్నె అడుగుకు అంటుకుపోయిందేమోనని వేలు పెట్టి గోకాను కూడా.

మోయిన్ నిట్టూర్చి లేచాడు. పట్టీ గోడకు ఆనించి, సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. “అయిపోయింది బాబాయ్. కింద నించే వస్తంది చెమ్మ. హిమజమ్మా, నువ్వేమీ అనుకోమాక. దీని మీద పరిస్తే వానాకాలానికి అంచులన్నీ పాపడాల్లా లేస్తాయి.”

“ఒరేయ్, ఆగరా,” అన్నాను. “రాత్రి గాల్లో చెమ్మ ఉందేమో!”

“ఎండాకాలంలో గాల్లో చెమ్మ యాడిది బాబాయ్? పెదాలు పగిలి కూర వేసుకోటానికి లేదు.”

“గిన్నెకే తడి ఉందేమో.”

“మా అందరి ముందర నీ కండవాతో నువ్వేగా తుడిచింది.”

“సున్నం కూడా ఒక్కోసారి...”

“అబద్ధమాడదని ఇప్పుడేగా అన్నావు,” అన్నారు శెట్టిగారు. గ్లాసు కిటికీలో పెట్టి జేబులోంచి సెల్లు తీశారు. “నాకేం సంతోషం కాదమ్మా హిమజా. కానీ నేల కుదర్లేదంటే నేనేం చెయ్యను? వాళ్ళని రమ్మని చెప్తా.”

“చెప్పండి పెదనాన్నా,” అంది హిమజ.  మెల్లగా నా వైపు చూసి, “బాబాయ్, నువ్వేమన్నా అనాల్సింది ఉందా?” అని అడిగింది.

చూశారా నా పరిస్థితి! ఆ పిండి దొంగపిండి అని నాకు తెలుసు. ఆ ముక్క చెబితే హాలు నిలబడుతుంది. కానీ చెప్పాలంటే నేను పెట్టింది దొంగరాయి అని ముందు చెప్పాలి. కక్కితే సిగ్గు, మింగితే పిల్లకు హాలు పోతుంది. శెట్టిగారి వేలు సెల్లు మీద పేరు వెతుకుతోంది. కళ్ళజోడు లేకుండా వెతుకుతున్నారు కాబట్టి నాకు కాస్త సమయం దొరికింది.

“ఆ పిండి ఆ రాయిది కాదు,” అన్నాను.

శెట్టిగారి వేలు ఆగింది. “మరి?”

“ఆ రాయి పిండయ్యే రాయి కాదు. నేను పెట్టింది కాలిన సున్నం కాదు. ఉత్త పచ్చిరాయి. దాన్ని నీళ్ళలో నానబోసినా ఏం గాదు.”

  మోయిన్ ముఖం ఎర్రబడింది.

“అంటే నన్ను తడినేల మీద పరిపిద్దామనుకున్నావా బాబాయ్? రేపు పలక లేచి ముసలమ్మ ఎవరన్నా బోర్లాపడితే, పరిచినోడు ఎవడ్రా అంటారా, రాయి పెట్టినోడు ఎవడ్రా అంటారా? నీకు ఇది పరాచికం. నాకు ఈ ఊళ్ళో ఇదే కూడు.”

“పిల్లకి హాలు దక్కాలని రా...”

“దక్కేది హాలు కాదు, కేసు!”

అది నిజమే. కానీ నిజాన్ని నెమ్మదిగా జీర్ణం చేసుకునే ఓపిక నాకప్పుడు లేదు. నన్ను లోపల ఇంకోటి తొలుస్తోంది. పచ్చిరాయి తీసేసి పిండి పోసిందెవరు? హాలుకు తాళాలు రెండే. ఒకటి హిమజ దగ్గర, ఒకటి శెట్టిగారి దగ్గర. హాలు పోతే సెల్లుల షాపు వచ్చేది ఎవరికి? ఇంత తేలిక లెక్క నేను ఆరో తరగతిలో కూడా చేయగలను. ఆరో తరగతి చదివానా లేదా అన్నది వేరే సంగతి.

పిండి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాను. సున్నమైతే వెన్నలా మెత్తగా జారుతుంది. ఇది గరగరమంది.

“ముగ్గుపిండి!” అని లేచాను. “శెట్టిగారూ, ఇది మీ వాకిట్లో ముగ్గు! తాళం మీ దగ్గరుంది, సెల్లుల షాపు మీ జేబులో ఉంది. నేను రాయి పెట్టానంటే పిల్ల మీద ప్రేమతో పెట్టా. మీరు ముగ్గు పోసింది దేని మీద ప్రేమతో?”

“నోరు జాగ్రత్త త్రికోటీ!” శెట్టిగారి గొంతు గోడౌను రేకులకు తగిలి వెనక్కొచ్చింది. “నా ఇంట్లో ముగ్గంటావా? నా ఇంట్లో? ఏమే కోటేశ్వరమ్మా! ఒకసారి ఇట్టా చూడు!”

తెరిచిన గుమ్మంలోంచి చూస్తే, మేడ మీద పిట్టగోడ అవతల నుంచి కోటేశ్వరమ్మక్క తల కనపడింది. శెట్టిగారి భార్య. దిగడానికి మెట్లున్నాయి గానీ మోకాళ్ళు ఒప్పుకోక ఆమె నెలల తరబడి పైనే ఉంటోంది.

“ఏందా అరుపులు? ఎవరు పోయారు?”

“మనింట్లో ముగ్గు ఉందంట. త్రికోటి అంటన్నాడు.”

“నేను ముగ్గేసి ఎన్నాళ్ళయిందయ్యా? నడుం వంగుద్దా, మోకాలు వంగుద్దా? వాకిట్లో ఉంది స్టిక్కరు. ఏం తమ్ముడూ, రోజూ దాని మీద చెప్పులకాళ్ళతో తొక్కుకుంటా వస్తావు, అది స్టిక్కరో ముగ్గో కూడా చూడలా? ముగ్గు డబ్బాలో ఇప్పుడు ఎండుమిరపకాయలున్నాయి. పైకొచ్చి వాసన చూసిపో!” ఆమె ఊపిరి తీసుకుని, హాలులోకి వినపడేలా మళ్ళీ అంది. “ఒసే హిమజా, నువ్వు త్వరగా తెరవ్వే తల్లీ. నలుగురు పట్టుకుని దింపినా సరే, ముందు నేనే దిగొస్తా. ఈయనకి చెప్పినా చెవికెక్కదు.”

ఆ తల లోపలికి పోయింది. శెట్టిగారు నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను.

అప్పుడు హిమజ నవ్వింది. మొదట ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత తాళాలగుత్తి కూడా గలగలలాడేంత.

“నేనే బాబాయ్,” అంది.

“ఏది నువ్వు?”

“ముగ్గు పోసింది. నిన్న నువ్వెళ్ళాక కడ్డీలకి చోటు కొలుచుకుందామని మళ్ళీ వచ్చా. నువ్వు రాయి పెడతా పెడతా మీసం కింద నవ్వుకోటం చూశాలే, అందుకే గిన్నె ఎత్తి చూశా. రాయి దగ్గర పౌడరు వాసన! సున్నానికి పౌడరు వాసన ఏంది బాబాయ్? అదీ పిన్ని పెళ్ళిళ్ళకి రాసుకునే పౌడరు!”

మోయిన్ కోపంగా ఉండాలని చానా ప్రయత్నించాడు గానీ మూతి మాట వినలేదు.

“మరి అప్పుడే అడగొచ్చుగా నన్ను?” అన్నాను.

“అడిగితే ఏమంటావు? ‘ఊరికే ఆటకి పెట్టానే పిచ్చిదానా’ అంటావు. నాకు నువ్వు అనటం కాదు, నీ అంతట నువ్వు చెప్పటం కావాల. అందుకే మా ఇంటి నించి ముగ్గు తెచ్చి పోశా. రాయి పిండైందంటే ఊళ్ళో ఒక్కడే ఆశ్చర్యపోయేది. అందరూ నేల వైపు చూశారు. నువ్వు గిన్నె గోకావు.”

“నేను చెప్పకుండా ఊరుకుంటే? హాలు పోయేది గదే!”

దాని ముఖంలో నవ్వు తగ్గింది. “పోయేది. నా దగ్గరికొచ్చేవాళ్ళు సొంత కాళ్ళని నమ్మలేక వస్తారు బాబాయ్. నేలనన్నా నమ్మనీ వాళ్ళని. నువ్వు చేసిన మోసం మీద కడ్డీలు బిగించి, పట్టుకో పెద్దమ్మా ఏం గాదు, అని నేనెట్టా అనేది?”

నేను వంగి నేల మీది ముగ్గుపిండిని అరచేత్తో కుప్ప చేయడం మొదలుపెట్టాను. 

శెట్టిగారు గొంతు సవరించుకున్నారు. వ్యాపారి కదా, ఏడుపూ నవ్వూ అయ్యాక సరుకు సంగతి అడుగుతారు. “ఇదంతా బానే ఉందమ్మాయ్. ఇంతకీ తేలిందేంది? నేల పొడా, తడా? మీ బాబాయి పెట్టింది దొంగరాయి, నువ్వు పోసింది దొంగపిండి. నేనిప్పుడు ఫోన్ చెయ్యాలా, మానాలా?”

“అసలు పరీక్ష కూడా చేశా పెదనాన్నా. రండి.”

పలకల అట్టపెట్టెలు దొంతరగా పేర్చిన మూలకు వెళ్ళింది. వాటి వెనక నాపరాయి మీద ఒక చెంబు బోర్లించి ఉంది. “ఇది నిన్న సాయంత్రం నించి ఇక్కడే ఉంది. అసలు సున్నం,” అంటూ చెంబు ఎత్తింది.

తెల్లటి ముక్క. ఎక్కడా పగులు లేదు, అంచు రాలలేదు, కింద చిటికెడు పొడి లేదు. మోయిన్ మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ చూశాడు. వేలితో రాస్తే వేలికి తెల్లగా అంటింది. ముక్క లేపి కింద రాయి మీద అరచెయ్యి ఆనించాడు.

“పొడిగానే ఉంది అన్నా,” అని శెట్టిగారికి చెప్పాడు. ఇప్పుడు గొంతే వేరు. “ముందు నేను చూసిన చెమట, ఎప్పుడో కడిగిన నీళ్ళు సందుల్లో నిలబడి ఉంటాయి. ఆరిపోయింది. పరవొచ్చు.”

శెట్టిగారు సెల్లు జేబులో వేసుకున్నారు. ఈసారి పూర్తిగా లోపలికి. “అయితే కానియ్యండి. సెల్లుల వాళ్ళకి లేదని చెప్తా,” అని మేడ వైపు తలెత్తి, “ఏమే, హాలు నీ మోకాళ్ళకే ఇచ్చా!” అని కేకేశారు.

హిమజ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి కళ్ళు మెరిశాయి. నాకు గుర్తున్నంతలో, చిన్నప్పుడు పరీక్ష పాసయినప్పుడు కూడా అలాగే చేసేది.

ఆ తర్వాత గంటసేపు అందరికీ పండగ, నాకు పెళ్ళిలో దొరికిన చెప్పులదొంగ మర్యాద. మోయిన్ మిషనుతో దుమ్మంతా లాగేస్తూ, “బాబాయ్, పిన్ని పౌడరు ఏమన్నా మిగిలిందా, నా మొహానిక్కూడా కాస్త పుయ్యి,” అంటాడు. శెట్టిగారు, “నా ఇంటి ముగ్గంట, నా ఇంటి ముగ్గు,” అని దారిన పోయేవాళ్ళకు కూడా చెబుతారు. హిమజ నా పక్కకొచ్చి మోచేత్తో పొడిచి, “ఊరందర్నీ ఏడిపించావుగా, ఈసారి ఎవరు పడ్డారు బాబాయ్?” అంటుంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారు.

మోయిన్ రాళ్ళ మీద పాలలాంటి మందు రోలరుతో పూశాడు. అది ఆరాక బకెట్టులో బూడిదరంగు సిమెంటు పొడి పోసి, నీళ్ళు కలిపి, డ్రిల్లుకు తిప్పుడుకర్ర బిగించి గిరగిరా చిలకడం మొదలుపెట్టాడు. మజ్జిగ చిలికినట్టే ఉంది చూడ్డానికి.

“ఇదేందిరా ఇంత పల్చగా కలుపుతున్నావు?”

“లెవలింగు సిమెంటు బాబాయ్. పోస్తే దానంతట అదే పారి పల్లాలన్నీ నింపేసి అద్దంలాగా పరుచుకుంటది. దాని మీద గమ్ము, గమ్ము మీద పలకలు. ఒకసారి పోసి గట్టిపడిందా, ఇంక వెనక్కి తియ్యలేం. గునపంతో కొట్టాల్సిందే, కింద నాపరాళ్ళు కూడా దాంతోపాటే పోతాయి.”

డ్రిల్లు హోరులో నాకు ఒక సందేహం దోమలా మొదలైంది. నలుగురూ నన్ను ఎగతాళి చేసే హడావుడిలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

“హిమజా,” అన్నాను. “నీకు అసలు సున్నం యాడ దొరికిందే?”

“ఇంకెక్కడ? నీ స్కూటరు డిక్కీలో!” విజయగర్వం అంటే ఎలా ఉంటుందో అప్పుడు చూడాలి దాన్ని. “నిన్న నువ్వు నడుచుకుంటా టీకి వెళ్ళావుగా, బండి ఇక్కడే ఉంది. నీ సంగతి నాకు తెలీదా? దొంగది బయటపెట్టి అసలుది దాచుకునే రకం. వెతికితే పేపర్లో చుట్టి రెండో ముక్క కనపడింది. దీనికి పౌడరు వాసన లేదు. చేతికి సున్నం అంటింది, మంటపుట్టింది కూడా. అప్పుడే అనుకున్నా, ఇదే అసలుదని.”

నేను ఆ మూలకు వెళ్ళాను. చెంబు పక్కనున్న ముక్కను చేతిలోకి తీసుకున్నాను.

నిప్పులో కాలిన సున్నం తేలిగ్గా ఉంటుంది. బట్టీలో దాని బరువు సగానికి సగం పొగైపోతుంది. గుడ్డివాడు కూడా చేత్తో పట్టుకుని చెప్పగలడు. ఇది నా చేతిని కిందికి లాగింది. గోటితో గీకాను. పైన సున్నం పొరలా ఊడింది, లోపల బూడిదరంగు కనపడింది.

పచ్చిరాయి.

నేను అసలు బట్టీ వైపు వెళ్ళనే లేదు! పిడుగురాళ్ళలో బండి ఆపింది క్వారీ గుట్ట దగ్గర. ఎందుకైనా మంచిదని రెండు రాళ్ళు ఏరుకొచ్చాను. మొదటిదానికి గోడలకు వేసే సున్నం పూసి చూశాను, మచ్చలు మచ్చలుగా వచ్చింది. అందుకని దాన్ని పేపర్లో చుట్టి డిక్కీలో పడేసి, రెండోదానికి మా ఆవిడ పౌడరు పూశాను. నేల పొడో, తడో ఇంతవరకూ ఏ సున్నమూ చెప్పలేదు. చెప్పడానికి ఈ హాలులో సున్నమే లేదు.

డ్రిల్లు ఆగింది. మోయిన్ బకెట్టు రెండు చేతులతో ఎత్తాడు.

“ఒరేయ్ మోయినూ, ఆగరా! పొయ్యమాక! ఇది కూడా పచ్చిరాయేరా!”

మోయిన్ తల తిప్పి నవ్వాడు. “అబ్బా బాబాయ్! పొద్దున్నించీ ఇది ఎన్నో కథ?”

“కథ కాదురా, నిజం! పట్టుకుని చూడు బరువు! శెట్టిగారూ, మీరన్నా చెప్పండి!”

“ఓడిపోయినోడు అంత తేలిగ్గా ఊరుకుంటాడా?” అన్నారు శెట్టిగారు. “కూర్చో త్రికోటీ, కాఫీ తెప్పిస్తా. ఇప్పుడిది కూడా నా ఇంటి ముగ్గే అంటావా ఏంది?”

“హిమజా, నువ్వు వినవే. మీ పిన్ని మీద ఒట్టు, బట్టీకి నేను పోలేదు. రెండూ పచ్చిరాళ్ళే. నేల సంగతి ఎవరికీ తెలీదు!”

హిమజ కళ్ళలో నీళ్ళు తిరిగేంత నవ్వుతూ వచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగింది. “పక్కకి రా బాబాయ్, ఇస్త్రీ చొక్కా మీద పడుద్ది. ఎంత బాగా నటిస్తావో! చాల్లే, ఇంక నీ మాటకి నేను పడను.”

నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాను. ముగ్గురూ ఇంకా గట్టిగా నవ్వారు. మోయిన్ బకెట్టు వంచాడు.